వేరుకి అంటిన మట్టి

నేల కింద గది నుంచి,
వానలు మొదలైన వారం

మా పిచ్చుకకి,

క్షేమంగా చేరాను. ముందే చెబుతున్నా, నవ్వకు. మీ వదిన ఇప్పుడు పందికొక్కులా బతుకుతోంది. పొద్దున్నే మెట్లు దిగి నేల కిందకి పోవడం, మధ్యాహ్నం తిండికి పైకొచ్చి కళ్ళు చికిలించుకోవడం, మళ్ళీ దిగడం.

ఈ పరిశోధన తోట కింద పొడుగాటి నడవా తవ్వారు. రెండు వైపులా గాజు గోడలు. గాజు అవతల మట్టి. పైన నాటిన చెట్ల వేర్లు ఆ మట్టిలో పాకుతూ వచ్చి గాజుకి తగులుతాయి. వేర్లకి వెలుతురు పడదు కాబట్టి నల్ల తెరలు వేసి ఉంచుతారు. నేను తెర పక్కకి లాగి, సన్నటి దీపం పట్టుకుని, నిన్నటి గీత దగ్గర్నుంచి ఇవాళ వేరు కొస ఎంత ముందుకొచ్చిందో గాజు మీద గీస్తాను. అంతే ఉద్యోగం. దీనికొక మనిషి కావాలంటే మీ అన్నయ్య పడీ పడీ నవ్వేవాడు.

కానీ పిచ్చుకా, ఇన్నేళ్ళు నర్సరీ నడిపి కూడా నేను చెట్టులో సగమే చూశాను. వేరు కొసకి చిన్న టోపీ ఉంటుంది. మట్టిలోకి దూరుతున్నకొద్దీ అది అరిగిపోతూ, జిగురు వదులుతూ, లోపల్నుంచి మళ్ళీ పుట్టుకొస్తూ ఉంటుంది. కొసకి కాస్త వెనకగా నూగు. పసిపిల్లల చెవుల మీద ఉంటుందే, అలాంటిది. నీళ్ళు తాగే పనంతా దాదాపు ఆ నూగుదే. మనం చూసి అబ్బో అనుకునే లావు వేర్లు చెట్టుని నిలబెడతాయి, నీళ్ళు మోస్తాయి, తిండి దాచిపెడతాయి. అంతే, అవి తాగవు. చెట్టు మొదట్లో బకెట్లకొద్దీ కుమ్మరించేవాళ్ళం కదా, అక్కడ తాగే నోరే లేదు!

మన పొగడ ఎలా ఉంది? మా పెళ్ళయిన ఏడాది మీ అన్నయ్య గింజ పెట్టిన చెట్టు. ఆయన పోయాక ఆ నీడ దాటి నేను ఇంత దూరం రావడం ఇదే మొదలు. "నువ్వెళ్ళు వదినా, చెట్టుని కంటికి రెప్పలా చూసుకుంటా" అని నువ్వు వీపు మీద చెయ్యి వేసి తోయకపోతే వచ్చేదాన్నే కాదు. ఏడాది ఎంతలో తిరిగిపోతుందిలే.

నీ వదిన

*

నర్సరీ, కుండీల షెడ్డు

వదినా,

పందికొక్కు పోలిక నేను అనలేదు, నువ్వే అన్నావు. గుర్తుంచుకో. కాకపోతే అది తినే తిండిలో నువ్వు సగం కూడా తినవు. ఆ కింద చల్లగా ఉంటుందేమో, మెడకి ఏదైనా చుట్టుకో.

ఇక్కడ పని బానే ఉంది. గులాబీలు తెగుళ్ళు పట్టి నా ప్రాణం తీస్తున్నాయి. ఊరవతల గుట్ట మీద కొత్త హోటల్ తెరవబోతున్నారు కదా, వాళ్ళు పూల కుండీలు తీసుకెళ్ళారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట, "మీ వదినగారు ఎప్పుడొస్తారు?" అని. బోర్డు రాసి మెళ్ళో వేసుకుందామనుకుంటున్నా.

ఒక్క మాట అడగాలి. పొగడ ఈమధ్య ఆకులు వాల్చేస్తోంది. పసుపు తిరిగి రాలుతున్నాయి కూడా. నీళ్ళు పెడుతూనే ఉన్నా. కంగారు పడే సంగతేం కాదనుకో. నువ్వు అక్కడ వేర్లతోనే కాపురం చేస్తున్నావు కదా, ఏం చెయ్యాలో కాస్త వివరంగా రాయి. ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

పిచ్చుక

*

నేల కింద గది నుంచి

పిచ్చుకా,

నీ ఉత్తరం పట్టుకుని నడవాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగాను. కంగారు పడకు అంటే కంగారు రాదా?

ముందు నేను అడిగేవాటికి జవాబివ్వు. ఆకులు మధ్యాహ్నం వాలి తెల్లారేసరికి లేస్తున్నాయా, లేక తెల్లారినా అలాగే ఉన్నాయా? మట్టి తడిగా ఉండగానే వాలుతున్నాయా? తడి ఉన్నా ఆకు వాలిందంటే తాగే వేర్లు లేవనైనా అర్థం, ఉన్నవాటికి ఊపిరాడడం లేదనైనా అర్థం. వేరుకి గాలి కావాలి పిచ్చుకా. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలినే అది పీలుస్తుంది. సందులన్నీ నీళ్ళతో నిండితే ఇంకేం పీలుస్తుంది? వేరు నీళ్ళలో నాని చావదు, ఊపిరాడక చస్తుంది. నువ్వు ప్రేమకొద్దీ బకెట్లు కుమ్మరిస్తుంటావు, నాకు తెలుసు. ఆపు. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, లోపల ఆరితేనే పెట్టు.

ఇంకోటి. రోడ్డు పక్కన ఎవరైనా తవ్వారా? చెట్టు వేర్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. తాగే వేర్లు చాలావరకు పైపైనే, మూరెడు లోతులోపే ఉంటాయి. కాలవ కోసం ఒక్క గాడి తవ్వినా చాలు, ఆ వైపు కొమ్మలు నీరసపడతాయి. ఏ వైపు కొమ్మలు ఎండుతున్నాయో చూసి రాయి.

ఆకులన్నీ కొట్టెయ్యకు. ఎవరైనా చెప్పినా వినకు. కొత్త వేర్లకి తిండి వండిపెట్టేది ఆ ఆకులే. మరీ ఒత్తుగా ఉన్నచోట కొన్ని కొమ్మలు తీసి, పడమటి ఎండకి గుడ్డ పరదా కట్టు. చుట్టూ ఎండుటాకులు పరువు, మొదలుకి తగలనియ్యకు.

రాత్రి కలలో మీ అన్నయ్య ఆ చెట్టు కింద కూర్చుని కుండీలకి చిల్లులు పెడుతున్నాడు. తల ఎత్తి చూడడే.

వదిన

*

నర్సరీ, కుండీల షెడ్డు

వదినా,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం. నీళ్ళు తగ్గించాం, పరదా కట్టాం, ఎండుటాకులు పరిచాం. తెల్లారినా ఆకులు లేవడం లేదు. ఒక వైపని కాదు, అన్ని వైపులా ఒకేలా ఉంది. రోడ్డు పక్కన పైపు కోసం కాస్త తవ్వారులే, అదే అయ్యుంటుంది.

మొదలు చుట్టూ మట్టి కుంగింది. గట్టిగా తొక్కించమంటావా? గాలికి ఊగకుండా నాలుగు వైపులా తాళ్ళు కట్టాం. ఎన్నాళ్ళు ఉంచాలి? కొత్త వేరు పుట్టిందో లేదో పైనుంచి తెలుసుకునే దారి ఉందా? త్వరగా రాయి వదినా. ఇక్కడ అందరూ నన్నే అడుగుతున్నారు.

పిచ్చుక

*

నేల కింద గది నుంచి

పిచ్చుకా,

అందరూ ఎవరు? చెట్టు గురించి నిన్నడిగేవాళ్ళు ఎవరున్నారక్కడ?

పోనీలే. నువ్వు ఒక్కదానివే భయపడుతూ ఉంటావు, నీ మీద విసుక్కోకూడదు. మా డైరెక్టరుగారిని సెలవు అడిగాను. "చెట్టు కోసమా?" అని నవ్వారు. "మా ఇంట్లో మనిషండీ" అన్నాను. ఆయన నవ్వు ఆపి, వచ్చే నెలలో వెళ్ళి రండి అన్నారు. వస్తున్నాను.

ఈలోగా మట్టి తొక్కించకు. తొక్కితే గాలి సందులు మూసుకుపోతాయి. కుంగిన చోట వదులు మట్టి పోసి, సన్నగా నీళ్ళు పెట్టు, అదే సర్దుకుంటుంది. వేరు తెగిన చోట, కోతకి కాస్త ఇవతల్నుంచి కొత్త వేర్లు పుడతాయి. తెల్లగా, సేమ్యాల్లా ఉంటాయి. చెట్టు లావు వేర్లలో దాచుకున్న తిండి తీసి వాటికి పెడుతుంది. ఆ దాచిన తిండి అయిపోయేలోపు కొత్త వేర్లు నీళ్ళు అందుకోవాలి. అందుకుంటే బతికినట్టే. మొదలుకి దూరంగా, తెగిన చోటు చూసి, చేత్తోనే మెల్లగా మట్టి తీసి చూడు. గునపం వద్దు. కనిపిస్తే ఒక చిన్న ముక్క కోసి తడిగుడ్డలో చుట్టి పంపు. ఇక్కడ భూతద్దం కింద పెట్టి చూస్తే ఒంట్లో సంగతంతా చెబుతుంది.

అన్ని వైపులా ఒకేలా వాలింది అన్నావు. ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. ఒక పక్క పైపు కోసం తవ్వితే అవతలి పక్క ఎందుకు వాలుతుంది?

వదిన

*

నర్సరీ

వదినా,

నువ్వు రావొద్దు. నిజంగా రావొద్దు. ఇక్కడ దారులన్నీ బురద, నీకా మోకాలు నొప్పి. పైగా మంచి కబురు చెబుతున్నా: చిగుళ్ళు వేసింది! గోరంత గోరంత చిగుళ్ళు, రాగి రంగులో. చూడగానే అక్కడే కూలబడి ఏడ్చాను. అబద్ధం కాదు, ఇది మాత్రం ఒట్టు.

నువ్వు చెప్పినట్టే చేత్తో మట్టి తీశాను. తెల్లవేర్లు ఉన్నాయి! ముక్క పంపుతున్నా. శుభ్రంగా కడిగి, తడిగుడ్డలో చుట్టాను. నీ చేతి చలవ వదినా, నువ్వు రాసిన ప్రతి ముక్కా అక్షరం పొల్లు పోకుండా చేశాం. నువ్వు లేకపోతే ఈ చెట్టు దక్కేది కాదు. ఇంక హాయిగా ఉండు. సెలవు దాచుకో.

నీ పిచ్చుక

*

నేల కింద గది నుంచి

మరదలికి,

వేరు ముక్క అందింది.

బాగా కడిగావు. కానీ వేరు నూగుని నీళ్ళతో కడగలేరు. అది పెరిగిన చోటి మట్టిని రేణువు రేణువునా చుట్టుకుని పట్టుకుంటుంది. లాగితే నూగు తెగుతుంది కానీ మట్టిని వదలదు. భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాను. పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయిని పిలిచి, నా కళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమన్నాను.

"ఎర్ర మట్టి కదండీ" అంది.

మన నర్సరీ నేల నల్లది. వానొస్తే చెప్పు ఊడబెరుక్కునే బంకమట్టి. గేటు దగ్గర్నుంచి వెనక గోడ దాకా, ఎంత లోతు తవ్వినా నలుపే. మీ అన్నయ్య బావి తవ్వించినప్పుడు చూశాం. ముక్కకి ఒక చివర రంపం కోత ఉంది, అక్కడ సందులో నల్లమట్టి ఇంకా ఉంది. కోత దగ్గర్నుంచి పుట్టిన కొత్త వేరుకి మాత్రం ఎర్ర గరుకు మట్టి అంటుకుంది. అంటే పాత వేరు మన దగ్గర తెగింది. కొత్త వేరు ఇంకెక్కడో పుట్టింది.

అన్ని వైపులా ఒకేలా ఎందుకు వాలిందో ఇప్పుడు మింగుడుపడింది. చుట్టూ వేర్లు కోసి చెట్టుని పైకి ఎత్తితేనే అలా వాలుతుంది.

గుట్ట మీది మట్టి ఎరుపు.

నా చెట్టు ఎక్కడుంది? ఈ ఒక్కదానికే జవాబు రాయి. కుశలాలు వద్దు.

*

గుట్ట మీద, హోటల్ తోట ఆఫీసు

వదినా,

అవును. ఇక్కడే ఉంది. హోటల్ వాకిట్లో.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకే మేనేజరుగారు కుండీల కోసం వచ్చారు. కుండీలు చూడనే లేదు, పొగడ కింద నిలబడిపోయారు. "మా వాకిట్లో ఇలాంటిది ఉండాలి" అన్నారు. మొక్క నాటితే ఇంతవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పాను. "అన్నేళ్ళు ఎవరాగుతారండీ, ఇదే ఇవ్వండి. చెట్టుతో పాటు మీరూ రండి. తోటంతా మీ చేతికిస్తాం" అన్నారు.

నా జన్మలో నన్నెవరూ "మీరూ రండి" అనలేదు వదినా. నర్సరీకొచ్చిన ప్రతివాడూ నా మొహంలోకి చూస్తూ "ఎవరూ లేరా?" అని అడుగుతాడు. నేను ఎదురుగా నిలబడి ఉండగా! మట్టి కలిపింది నేను, కుండీలు మోసింది నేను, ఎండలో మాడింది నేను. పేరు మాత్రం మొదట అన్నయ్యది, తర్వాత నీది. నేను మీ ఇద్దరి వెనకా నిలబడే మనిషిని.

చెట్టుకి డబ్బు తీసుకోలేదు. ఆ మాట నమ్ము. ఉద్యోగమే అడిగాను. ఆ చెట్టు మా అన్నయ్య పెట్టింది. నీకు మొగుడు కాకముందు నుంచే నాకు అన్న. నాకు అందులో వాటా లేదా? నిన్ను అడిగితే ఒప్పుకోవు. అందుకే అడగలేదు.

క్రేనుతో ఎత్తుతుంటే ఒక చప్పుడొచ్చింది. అది ఎలాంటిదో రాయలేను. వాడిపోవడం మొదలెట్టాక, అన్నయ్యని రెండోసారి చంపుతున్నానేమో అనిపించింది. ఎవరిని అడగను? నీకు తప్ప ఎవరికి తెలుసు? అందుకే అబద్ధం రాశాను. నీ ఉత్తరాలు ఇక్కడ నిలబడి చదివి, పనివాళ్ళ చేత చేయించాను. అది చెట్టు మీద ప్రేమతోనే వదినా.

తిట్టు. కానీ జవాబు రాయి.

*

నర్సరీ

హోటల్ తోట పెద్దగారికి,

నీ ఉత్తరం అందగానే బయల్దేరాను. గేటు తీసేసరికి లోపల ఎండ. ఆ చోట నేను ఎప్పుడూ ఎండ చూడలేదు. వేరే ఎవరి గేటో తీశాననుకుని వెనక్కి అడుగేశాను కూడా.

గుంత పూడ్చనైనా లేదు. పగిలిన కుండీలు, ఖాళీ ఎరువు సంచులు అందులో పడేయించావు. అంచు పట్టుకుని దిగాను. చుట్టూ మట్టిగోడలో తెగిన వేర్లు, నా చేతంత లావువి కొన్ని, దారాల్లాంటివి లెక్కలేనన్ని. నువ్వు తీసుకెళ్ళింది లారీ మీద పట్టినంత. చెట్టులో తాగే భాగమంతా ఇక్కడే ఉండిపోయింది. పైనుంచి తిండి రావడం ఆగిపోయి నల్లబడుతోంది. వేలితో నొక్కితే తొక్క ఊడి చేతికొచ్చింది.

తర్వాత గుట్ట ఎక్కాను. గేటు దగ్గర కాపలా మనిషి "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"చెట్టు చూడాలి."

"వెళ్ళండమ్మా, అందరూ దానికోసమే వస్తున్నారు. చచ్చిపోయేదాన్ని మా మేడంగారు బతికించారు."

పూల కుండీల అవతల నువ్వు నిలబడి ఉన్నావు, ఇస్త్రీ బట్టల్లో, చుట్టూ అయిదారుగురు అతిథులు. నేను దగ్గరికి వద్దామనే వచ్చాను. చెంప పగలగొట్టాలో, పట్టుకుని ఏడవాలో తేల్చుకోలేకుండానే వచ్చాను. నువ్వు వాళ్ళతో అంటున్నావు: "వేరు నీళ్ళలో నాని చావదండీ, ఊపిరాడక చస్తుంది."

ఒకావిడ ఎంత బాగా చెప్పారండీ అంది. "ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది.

"ఎవరూ నేర్పలేదండీ, చిన్నప్పట్నుంచీ చెట్ల మధ్యే పెరిగాను" అన్నావు.

ఆ మాటకి ముందు వరకూ నా దగ్గర నీకోసం ఒకటో రెండో సాకులు మిగిలి ఉన్నాయి. వెనక నిలబడే మనిషిని అన్నావే, దారి పొడుగునా అదే తల్చుకుంటూ వచ్చాను. అది నిజమే. కనిపెట్టకపోవడం నా తప్పేననుకున్నాను. చెట్టు ఇస్తావా వదినా అని ఒక్కసారి అడిగి ఉంటే, నెల రోజులు పోట్లాడి, చివరికి ఇచ్చేదాన్నేమో. నువ్వు నా చెట్టుని తీసుకెళ్ళావు. సరే. అది వాడిపోతుంటే దాని కోసం నేను పడే ఏడుపుని కూడా నా చేతే రాయించి, పనికొచ్చే ముక్కలు ఏరుకుని మిగతాది పారేశావు. కలలో ఆయన తల ఎత్తలేదని రాశానే, అది కూడా ఆ పనివాళ్ళ ముందే చదివావా?

నిన్ను పలకరించకుండా తిరిగొచ్చాను. కాపలా మనిషి "మా మేడంని కలవలేదా?" అన్నాడు. "లేదు, ఆవిడ నాకు తెలియదు" అన్నాను.

ఇక కింద రాసేది చెట్టు కోసం, నీ కోసం కాదు. తాళ్ళు మరీ బిగించారు. మొదలు కొయ్యలా కదలకుండా ఉంది. కదలని చెట్టు వేరు పెంచదు. గాలికి కాస్త ఊగితేనే, ఎటు లాగుతోందో అటు వేర్లు లావెక్కి నేలని పట్టుకుంటాయి. ఇప్పుడు సగం వదులు చెయ్యి. చిగుళ్ళు ముదిరాక పూర్తిగా తీసెయ్యి. పెద్దగాలి వస్తుందని భయపడి మళ్ళీ కట్టకు. చుట్టూ రాళ్ళు పరుస్తున్నారు, మొదలు దగ్గర్నుంచి కొమ్మల నీడ దాటేదాకా వాటిని తీయించు. అందంగా ఉంటుందని మీ మేనేజరు అంటాడు. నువ్వు వినకు.

నర్సరీ తాళం మార్చాను. నీ బట్టలూ సామానూ మూటకట్టి గేటు గదిలో ఉంచాను. ఎవరినైనా పంపు. నువ్వు రాకు.

*

గుట్ట మీది తోట

వదినా,

ఇలా పిలవొద్దంటావేమో. ఇంకో పిలుపు నాకు రాదు.

తాళ్ళు తీసేశాను. రాళ్ళూ తీయించాను. మేనేజరుగారితో గొడవైంది. మొన్న పెద్దగాలి వీచింది. హోటల్ అద్దాలు రెండు పగిలాయి. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను, దగ్గరికి మాత్రం పోలేదు. చెట్టు ఊగింది, బాగా వంగింది, మళ్ళీ లేచింది. మొదలు దగ్గర మట్టి చిట్లలేదు. పట్టుకుంది వదినా.

నిన్న మేనేజరుగారు అందరి ముందూ నన్ను పొగిడారు. అప్పుడు చెప్పేశాను. ఈ చెట్టు మా వదినది, ఆవిడకి తెలియకుండా తెచ్చాను, బతికించిన మాటలన్నీ ఆవిడవి, ఆవిడకి అబద్ధం రాసి తెప్పించుకున్నాను అని. తిడతారనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే బాగుణ్ణనే అనుకున్నాను.

ఆయన గడియారం చూసుకుని, "పోనిద్దురూ, చెట్టు బతికింది కదా" అన్నారు. అందరూ నవ్వి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

మూట అందింది. బట్టలు ఎంత చక్కగా మడతపెట్టావు, పరాయివాళ్ళవి మడిచినట్టు. అది చూశాకే ఇంక నన్ను వెనక్కి పిలవవని తెలిసింది.